బాత్‌రూమ్‌లో డీజిల్

నేను బాత్‌రూమ్‌లో జారిపడలేదు. ముందు ఈ మాట చెప్పనివ్వండి, మిగతాది తర్వాత.

మా ఆడపడుచు దగ్గర్నుంచి లాలాగూడ రైల్వే క్వార్టర్లలో మా పక్కింటావిడ దాకా అందరూ చెప్పుకునే కథ ఒకటే. "పాపం విజయలక్ష్మి! తెల్లారకుండానే ఆఫీసుకి పరుగు. సబ్బు నీళ్ల మీద కాలేసింది, కుడి చెయ్యి విరిగింది." ఈ కథ విని పరామర్శకు వచ్చినవాళ్లలో ముగ్గురు రబ్బరు చాపలు తెచ్చారు. నాలుగో ఆవిడ గోడకు బిగించే స్టీలు కడ్డీ తెచ్చింది. మా ఆయన స్నేహితుడు ఒకాయన నా మంచం పక్కనే కుర్చీ వేసుకుని, నలభై అయిదు దాటాక ఆడవాళ్ల ఎముకలు గుల్లబారతాయని ఉపన్యాసం ఇచ్చాడు. నా ఎముకల సంగతి అలా ఉంచండి. ఆ రోజు ఆ మెట్టు మీద ఇరవై ఏళ్ల పిల్ల కాలు పెట్టినా పడేది.

ఇప్పుడు చెయ్యి కొంత నయం. పెన్ను పట్టుకోగలను, పిడికిలి మాత్రం పూర్తిగా బిగియదు. ఇది రాయడానికి పదకొండు రోజులు పట్టింది. రాయకపోతే ఇంట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను, గిన్నెలు సర్దినవే సర్దుతున్నాను. అందుకే రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. రేపు మీరు ఎక్కడైనా మెట్ల మీద పడితే, నేను చేసిన తప్పు చేయకూడదు.

ఆగస్టు

ఎమ్‌ఎమ్‌టీఎస్ రైళ్లు వచ్చిన మరుసటి ఏడాది అది. సికింద్రాబాద్‌లో పాత బట్టల గోదాములు అద్దాలు తొడుక్కుని ఆఫీసులైపోతున్నాయి. మాది అలాంటి ఒక ఆఫీసే. అమెరికాలో డాక్టర్లు రోగిని చూసి, చూసిందంతా టేపులోకి చెప్తారు. ఆ గొంతులు మా కంప్యూటర్లకు వచ్చేవి. మా ఆఫీసు పిల్లలు విని టైపు చేస్తే, నేను మళ్లీ విని తప్పులు దిద్దేదాన్ని. నా దగ్గర సూత్రం ఒకటే. విన్నది రాయాలి, వినపడకపోతే ఖాళీ వదలాలి, ఊహించి నింపకూడదు. ఈ విషయంలో నేను పెట్టే కేకలకు పిల్లలు నాకు 'బ్లాంక్ మేడమ్' అని పేరు పెట్టారు. వెనకాల అనుకుంటే వినపడదనుకునేవాళ్లు. వినడమే కదా నా ఉద్యోగం.

ఆ ఫైళ్లలో దెబ్బ తగిలిన మనిషి వచ్చాడంటే డాక్టరు మొట్టమొదట అడిగేది, అది పనిలో తగిలిందా, బయట తగిలిందా అని. గోదాములో పెట్టె ఎత్తబోయి నడుం పట్టేసినవాడు, ఆస్పత్రి వంటింట్లో నేల కడుగుతూ పడ్డావిడ, ఇలా రోజుకు పదిమంది. పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే పరిహారాన్ని వాళ్లు 'వర్కర్స్ కాంప్' అంటారు. కొత్తగా చేరిన పిల్లలు దాన్ని 'వర్కర్స్ క్యాంప్' అని కొట్టేవాళ్లు. దెబ్బ తగిలిన పనివాళ్లను ఏదో క్యాంపుకు పంపుతారు కాబోలు అనుకునేవాళ్లు. నేను నవ్వుకుంటూ దిద్దేదాన్ని. అలాంటి చట్టం ఇక్కడ నాకోసం కూడా ఉందని ఒక్కసారైనా తట్టలేదు. జీతం కాగితంలో ఈఎస్ఐ అని ప్రతి నెలా కోత పడుతూనే ఉంది. అదేదో జ్వరానికి మాత్రలిచ్చేదని అనుకున్నాను.

మంగళవారం, ఉదయం ఎనిమిదిన్నర దాటింది. టీకి వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ కార్డు గీకాలి. బ్యాటరీతో నడిచే ఆ గీకే మిషను సెల్లారులో, జనరేటర్ పక్కన ఉండేది. అప్పుడే కరెంటు పోయింది, లిఫ్టు ఆగింది. జనరేటర్ చూసే యాదగిరి డీజిల్ డబ్బా పట్టుకుని మెట్లు దిగి వచ్చి అప్పుడే పోయడం ముగించాడు. ఆ డబ్బాకు మూత లేదు. ప్లాస్టిక్ కవరు చుట్టి రబ్బరుబ్యాండు వేసేవాడు. మూత కావాలని అతను ఆఫీసులో అడగడం నేనే రెండుసార్లు విన్నాను. నేను కార్డు గీకి, ఆలస్యమైతే నిమిషాలు కోస్తారని గబగబా మెట్లెక్కాను. మూడో మెట్టు దగ్గర కాలు నాది కాకుండా పోయింది.

శబ్దం నేనే విన్నాను. ఎండు కొమ్మ విరిచినట్టు.

"అయ్యో అమ్మా! లేవకుండ్రి, జెర ఆగుండ్రి, చెయ్యి కదిలియ్యకుండ్రి," అంటూ యాదగిరి పరుగెత్తుకొచ్చాడు. తన భుజం మీది తువ్వాలు తీసి నా చెయ్యి కింద పెట్టాడు.

ఆటోలో నా పక్కన అడ్మిన్ మేనేజరు ప్రసాద్ కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ల కుర్రాడు, మర్యాదస్తుడు. అతన్ని రాక్షసుణ్ని చేసి చెబితే కథ సులువవుతుంది గానీ, అతను దారంతా నా చెయ్యి కుదుపులకు తగలకుండా తన ల్యాప్‌టాప్ బ్యాగు అడ్డం పెట్టాడు. ప్యాట్నీ సిగ్నల్ దగ్గర అన్నాడు.

"మేడమ్, ఒక్క చిన్న రిక్వెస్ట్. రిసెప్షన్‌లో ఇంట్లో బాత్‌రూమ్‌లో జారారని చెప్పండి."

"ఎందుకు?"

"ఆఫీస్ అంటే ఎమ్మెల్సీ అంటారు మేడమ్, మెడికో లీగల్ కేసు. పోలీసులకు ఫోన్ చేస్తారు, వాళ్లొచ్చి స్టేట్‌మెంట్ అంటారు. అదయ్యేదాకా డాక్టర్ మీ చెయ్యి ముట్టడు. మీకే పరేషాన్."

కూరగాయల బండివాడితో, బస్సు కండక్టరుతో, మా అత్తగారితో, దేవుడితో కూడా వాదించే నేను, ఆ క్షణాన తలూపాను. నొప్పి అలాంటిది. ఎవరు త్వరగా తగ్గిస్తానంటే వాళ్ల మాట వేదం. ఎమ్మెల్సీ అంటే ఒక ముద్ర మాత్రమేననీ, పోలీసులు రాకముందే వైద్యం చేయాల్సిందేననీ తర్వాత తెలిసింది. తర్వాత తెలిసేవన్నీ ఇలాగే ఉంటాయి.

మా ఆయన రైల్వే వర్క్‌షాపు నుంచి నూనె చేతులతోనే వచ్చారు. నా కుడి చెయ్యి విరిగింది కాబట్టి ఫారం ఆయనే నింపారు. 'ఎలా జరిగింది' అన్న గడి దగ్గర ఆగి ప్రసాద్ వైపు చూశారు. ప్రసాద్ చెవిలో ఏదో చెప్పాడు. మా ఆయన గుండ్రటి అక్షరాలతో 'ఇంట్లో బాత్‌రూమ్‌లో జారిపడినది' అని రాసి సంతకం పెట్టారు.

లోపల గాజులు కోయడానికి ఒక సిస్టర్ వచ్చింది. పేరు మార్గరెట్ అని బిళ్ల మీద ఉంది. నా చెప్పులు తీసి పక్కన పెడుతూ వాసన చూసింది.

"బాత్‌రూమ్‌ల పడ్డ అన్నరు?"

"అవును."

"మీ బాత్‌రూమ్‌ల డీజిల్ ఎందుకుందమ్మా?"

"మావారు రైల్వేలో పనిచేస్తారు," అన్నాను. అంతకంటే తెలివైన అబద్ధం తట్టలేదు.

"అయితే? ఇంజన్ తెచ్చి బాత్‌రూమ్‌ల పెట్టుకున్నరా?" అంది. నేను నవ్వబోయి ఏడ్చాను. ఆమె ఇంకేమీ అడగకుండా నా నుదురు తుడిచి, ఏదో రాసుకుంది.

సెప్టెంబర్, అక్టోబర్

సిమెంటు కట్టు వేసిన ఆరు వారాలు నేను మనిషిలా ఉన్నానని ఎవరూ చెప్పరు. కూర్చోలేను, పడుకోలేను. వరండాలో ఇటు పదిహేను అడుగులు, అటు పదిహేను అడుగులు. వర్క్‌షాపు సైరన్‌తో లేచి, సైరన్‌తో తిని, మళ్లీ సైరన్ ఎప్పుడా అని గడియారం చూడటం. చీర కట్టుకోలేక నైటీల్లో తిరిగాను. జడ మా ఆయన వేసేవారు. మొదటిరోజు తాడు పేనినట్టు పేనారు.

"నేను కోచ్‌కి కట్టే గొలుసుని కాదండీ, మెల్లిగా."

"కదలకుండా కూర్చోవే తల్లీ. గొలుసే నయం, నోరుండదు."

నవ్వుకున్న రోజులు అవే. కట్టు విప్పాక వేళ్లు ముడుచుకోలేదు. చెయ్యి ఎర్రగా, మెరుస్తూ, ఎవరిదో తెచ్చి నాకు అతికించినట్టు ఉంది. గాలి తగిలినా మంట. నరాలు దెబ్బతిన్నాయి, నెలలు పడుతుంది, పూర్తిగా వస్తుందని చెప్పలేం అన్నారు. టైపు చేసే మనిషికి ఆ మాట ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు.

అదే వారం ప్రసాద్ ఫోన్ చేశాడు.

"మేడమ్, మీ లీవ్స్ అయిపోయాయి. మేనేజ్‌మెంట్ ఏమంటున్నారంటే, ఇప్పటికి రిజైన్ చేసేయండి, తగ్గాక మళ్లీ చూద్దాం అని."

"మీ మెట్ల మీద పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే నేను రిజైన్ చెయ్యాలా?"

అతను చాలా మెత్తగా అన్నాడు. "కానీ రికార్డ్స్‌లో బాత్‌రూమ్ అని ఉంది కదా మేడమ్."

ఆ సాయంత్రం మా ఇంట్లో జరిగిన గొడవ క్వార్టర్ల వరసంతా విన్నది. మా ఆయన ఇరవై రెండేళ్లుగా వర్క్‌షాపులో ఉన్నారు. ఇంట్లో ఎన్నిసార్లు గొప్పగా చెప్పారో! వాళ్ల షాపులో వేలికి ఇనుప రవ్వ గుచ్చుకున్నా సరే, 'ఇంజూరీ ఆన్ డ్యూటీ' అని పుస్తకంలో రాయించి గానీ కట్టు కట్టించుకోరట. లేకపోతే రేపు వేలు పోయినా అడిగే దిక్కుండదట.

"వేలికి రాయిస్తారే, నా చేతికి ఎందుకు రాయించలేదు?"

"పోలీసులంటే భయమేసింది విజయా."

"మీ ఫిట్టర్ వేలు తెగితే పోలీసులొచ్చారా?"

"అది రైల్వే. నీదేటి, ఏసీ ఆఫీసు. కుర్చీలో కూర్చుని చేసే పనికి డ్యూటీ దెబ్బేటి అనుకున్నాను." అని ఆగి, చాలా చిన్న గొంతుతో, "నువ్వు ఏడుస్తుంటే నేను ఎప్పుడూ చూడలేదు. ఏది రాస్తే నీ ఏడుపు ఆగుతుందో అది రాసేశాను," అన్నారు.

మర్నాడు జడ నేనే ఎడమచేత్తో వేసుకోబోయి, చేతకాక, ఆయన ముందు వెళ్లి కూర్చున్నాను.

నవంబర్

నా జీతంలో పడే ఆ కోత దేనికో తేల్చుకుందామని వెళ్లి, ఈఎస్ఐ ఆఫీసు బెంచీల మీద కూర్చున్నాక నాకు తెలిసింది, ఈ ఊళ్లో ఎన్ని చేతులు ఎన్ని రకాలుగా ఉన్నాయో. నా ఎడమ పక్కన ప్రెస్సు మిషనులో అరచెయ్యి నలిగిన అమ్మాయి. కుడిపక్కన బాలానగర్ ఫ్యాక్టరీలో రెండు వేళ్లు పోగొట్టుకున్న మనిషి. నా ఫారం నింపి పెట్టింది ఆయనే. మిగిలిన మూడు వేళ్లతో, నేను మంచి చేత్తో రాసినా రానంత చక్కని రాత.

"యాడ పడ్డరక్కా?"

"ఆఫీసు మెట్ల మీద. కానీ ఆస్పత్రి కాగితంలో బాత్‌రూమ్ అని ఉంది."

ఆయన తలెత్తి చూసి పకపక నవ్వాడు. "నా కాయితంల ఏముందో ఎరుకేనా? సొంత స్కూటర్ చెయిన్ సదురుకుంటుంటే తెగినయని రాసిండ్రు. నాకు స్కూటరే లేదక్కా. సైకిల్ సుత లేదు."

"మరి ఏం చేశారు?"

"ఏడాదయింది తిరుగవట్టి. మీరు సదువుకున్నోళ్లు, జల్ది అయితదిలే."

కౌంటర్‌లో ఉన్నాయన విసుక్కోకుండా చెప్పాడు. ప్రతి యజమాని దగ్గరా ప్రమాదాల పుస్తకం ఒకటి ఉండాలి, ఎవరు పడినా అందులో రాయాలి, రిపోర్టు పంపాలి. వాళ్లు పంపకపోతే నేనే రాసి ఇవ్వవచ్చు. పనిలో తగిలిన దెబ్బ అని తేలితే వైద్యం ఉంటుంది, భత్యం ఉంటుంది, ఆ భత్యం నడుస్తుండగా ఉద్యోగంలోంచి తీసేయడానికి వీల్లేదు. "కానీ అమ్మా, ఈ బాత్‌రూమ్ మాట ఒకటి అడ్డముంది. దానికి ఎదురు ఇంకేదైనా కాగితం కావాలి. చూసిన మనిషైనా ఉండాలి."

ఆస్పత్రికి వెళ్లాను. రికార్డుల గదిలో అబ్బాయి, రాసింది దిద్దడం కుదరదన్నాడు. అతనితో వాదించలేదు. ఆ నియమం నాకు అతనికంటే బాగా తెలుసు. రోగి కాగితంలో రాసింది కొట్టేయకూడదు. నేను ఉద్యోగంలో దాన్నే కాపాడాను కదా. "దిద్దొద్దు బాబూ. మొత్తం కేస్‌షీటు నకలు ఇవ్వండి. మొదటి పేజీ ఒక్కటే కాదు, సిస్టర్లు రాసిన కాగితాలు కూడా," అన్నాను.

మూడోసారి వెళ్లినప్పుడు ఇచ్చారు. వరండాలో నిలబడే చదివాను. నాలుగో పేజీలో, నీలం సిరాతో, పొట్టి ఇంగ్లీషు వాక్యాల్లో ఉంది: బాత్‌రూమ్‌లో పడినట్టు రోగి చెబుతున్నది. చీర అంచుకు, చెప్పులకు డీజిల్ వాసన ఉన్నది.

రెండే వాక్యాలు. రోగి చెప్పింది చెప్పినట్టు, తను చూసింది చూసినట్టు. నేను అబద్ధం ఆడానని రాయలేదు, ఆఫీసులో పడి ఉంటుందని ఊహించి నింపలేదు. నా దగ్గర మొదట్నుంచీ పనిచేసినవాళ్లకు కూడా ఇంత శుభ్రంగా రాయడం నేర్పలేకపోయాను. మార్గరెట్ సిస్టర్ కోసం వార్డులో అడిగితే, పెళ్లై సైనిక్‌పురి వైపు వెళ్లిపోయిందన్నారు. దండం పెట్టాలన్నా మనిషి లేదు.

ఇక చూసిన మనిషి కావాలి.

యాదగిరిని ఆఫీసు ముందు టీ బండి దగ్గర పట్టుకున్నాను. అడగడానికి మొహం చెల్లలేదు. అతని చేతుల్లోంచి ఒలికిన డీజిల్ అది. నిజం చెబితే తప్పు అతని మీదికే పోతుంది. ఆ మాటే చెప్పాను. మీరు రానంటే తప్పు పట్టనన్నాను.

అతను టీ గ్లాసు బండి మీద పెట్టాడు.

"మూత అడిగిన గద అమ్మా. నెల దినాల సంది అడిగిన. మీరు సుత ఇన్నరు."

"విన్నాను."

"అయితే గదే జెప్త. మీరు పడ్డది జూసిన, మూత అడిగింది జెప్త. నాకేం భయం, అబద్ధమైతే గద."

జనవరి

విచారణకు వచ్చిన అధికారి పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ఆఫీసులో ప్రమాదాల పుస్తకం తెమ్మన్నాడు. తెచ్చారు. కొత్త పుస్తకం, పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. సెల్లారుకు దిగి మెట్లు చూశాడు, కార్డు మిషను చూశాడు. ఆ రోజు నేను ఎనిమిది నలభై రెండుకు గీకిన కార్డు లెక్క తీయించాడు. గీకిన మనిషి ఆ నిమిషంలో లాలాగూడలో తన బాత్‌రూమ్‌లో ఎలా ఉంటుందని ప్రసాద్‌ను అడిగాడు. ప్రసాద్ నా వైపు చూడలేదు.

యాదగిరి చెప్పింది చెప్పాడు. "పోసింది నేనే సార్. ఒలికింది సుత నిజమే. డబ్బకు మూత లేదు. తుడుద్దామని గుడ్డ కోసం వొయ్యి వచ్చేసరికి అమ్మ పడ్డది."

"నువ్వు ఇక్కడ స్టాఫేనా?"

"ఏమో సార్. పొద్దుగాల వస్త, సాయంత్రం వోత."

మా ఆయన కూడా వచ్చారు, ఎవరూ పిలవకుండానే. ఫారంలో రాసింది తనేననీ, అది అబద్ధమనీ చెప్పి, కింద తన రాతతోనే రాసి సంతకం చేశారు. ఇంటికొచ్చే దారిలో మెట్టుగూడ దగ్గర ఆటో దిగి, నాకు ఒక జామకాయ కొనిచ్చారు. ఎడమచేత్తో తిన్నాను.

మార్చి

కాగితం వచ్చింది. పనిలో, పనివల్ల తగిలిన దెబ్బ అని అందులో ఉంది. వైద్య బోర్డు ముందు పిడికిలి బిగించమన్నారు, బిగించినంత బిగించాను. ఉద్యోగం ఉంది. ఇప్పుడు చెవులతో వింటాను, ఎడమచేత్తో గుర్తులు పెడతాను, పిల్లలు దిద్దుతారు. నా కేకలు తగ్గాయని వాళ్లు అంటున్నారట. అదీ అబద్ధమే.

చెప్పదలుచుకున్న జాగ్రత్త ఇక్కడే చెప్పేస్తాను. పడ్డచోటే పడ్డామని చెప్పండి. ముద్ర వేస్తామంటే వేయనివ్వండి. ఆ రోజే పుస్తకంలో రాయించండి. కుర్చీలో కూర్చుని చేసేదీ పనే. మీ తరఫున ఫారం ఎవరు నింపినా, నొప్పిలో ఉన్నా సరే, సంతకానికి ముందు చదివి వినిపించమనండి.

తిరిగి ఆఫీసుకు వెళ్లిన మొదటిరోజు సెల్లారు మెట్ల మీద గరుకు రాళ్లు పరిచి ఉన్నాయి. డీజిల్ డబ్బాలకు ఎర్ర మూతలు. జనరేటర్ దగ్గర వేరే మనిషి.

"యాదగిరి ఏడీ?" అని అడిగాను.

ప్రసాద్ భుజాలు ఎగరేశాడు. "అతను మన స్టాఫ్ కాదు మేడమ్. కాంట్రాక్టర్ మనిషి. మేం తీసేయలేదు."

కాంట్రాక్టరు అడ్రసు పట్టుకుని వెళ్లాను. మోండా మార్కెట్ వెనక, మెట్ల కింద ఒక బల్ల. "యాదగిరా? మా మనుషుల లిస్టుల లేడమ్మా. జనరేటర్ కంపెనీతోని వచ్చిండేమో," అన్నాడాయన. జనరేటర్ అమ్మిన షాపువాళ్లు, మేం మిషను అమ్ముతాం గానీ మనుషుల్ని కాదు అని నవ్వారు. టీ బండి ఆయనకు కూడా అతని ఇల్లు తెలియదు, బొల్లారం వైపేమో అన్నాడు. రెండు ఆదివారాలు అటు తిరిగాను. మా ఆయన కూడా వచ్చారు. దొరకలేదు.

తీసేశామని ఎవరూ అనడం లేదు. తీసేయాలంటే ముందు పెట్టుకున్నామని ఒప్పుకోవాలి కదా. నా కాగితం నెగ్గడానికి అతని మాట పనికొచ్చింది. అధికారి దాన్ని రాసుకున్నాడు, కంపెనీ విన్నది, నేను నెగ్గాను. ఆ మాట చెప్పిన మనిషి మాత్రం ఏ పుస్తకంలోనూ లేడు. రేపు అతని చెయ్యే విరిగితే నాలా ఆ బెంచీ మీద కూర్చోడానికి కూడా అతనికి ఒక యజమాని పేరు కావాలి. అతని గురించి ఈఎస్ఐ ఆఫీసుకు మళ్లీ రాశాను, ఎడమచేత్తో, వంకర అక్షరాలతో. జవాబు రాలేదు. ఇంకా రాస్తాను.

మూడేళ్లు ప్రతిరోజూ పొద్దున వచ్చి సాయంత్రం దాకా ఆ సెల్లారులో చెమటోడ్చిన యాదగిరి ఎవరి పనివాడు?